మైకు సరిచూసే పాట

నిన్న, డిసెంబరు పదకొండు, సోమవారం. తెల్లారేదాకా మంచు. ఎనిమిదింటికి గానీ ఎండ రాలేదు. నూతి గిలక కిర్రుమంటుంటే ఆముదం వేశాను.

చేతికంటిన జిడ్డు కడుక్కుంటూ ఉండగానే మావయ్య పోయాడన్న కబురు వచ్చింది. ఆయన కుట్టుకొట్టు పక్కన సోడాలమ్మే ఆయన సైకిలు దిగకుండానే, ఒక కాలు నేలకి ఆనించి, "గుమస్తా గారూ, మన టైలరు గారు వెళ్ళిపోయారండీ. తెల్లవారుజామున, నిద్దట్లోనేనంట" అన్నాడు. నేను "అలాగా" అన్నాను. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్ళారు. వీధి మలుపు దాకా ఒకసారి, చెరువు దాటాక ఒకసారి నేనూ భుజం పట్టాను. ఆయన బరువు మనిషి కాడు.

మావయ్య అంటే నాకు చుట్టం కాడు. ఆయనది బందరులో మసీదు వీధి, మాది దానికి రెండు వీధుల అవతల. మా అమ్మ రవికెలు కుట్టించుకోవడానికి వెళ్ళి ఆయన్ని "తమ్ముడూ" అని పిలిచేది. ఆ లెక్కన నాకు మావయ్య అయ్యాడు. నన్ను "అల్లుడూ" అనేవాడు. పిల్లలు లేరు. "లేని కూతురికి అల్లుణ్ణి ముందే చూసిపెట్టుకున్నాను" అని కొట్టుకి వచ్చినవాళ్ళకి నన్ను చూపించేవాడు.

నిన్న శ్మశానం దగ్గర నిలబడ్డవాళ్ళంతా ఆయన ఆడగొంతు గురించే చెప్పుకున్నారు. అది న్యాయమే. బందరు, గుడివాడ, దివిసీమ పెళ్ళిపందిళ్ళలో ముప్పై ఏళ్ళు సినిమా పాటలు పాడిన గొంతు అది. చదువుతున్న మీలో చాలామంది వినే ఉంటారు. ఎవరో అమ్మాయి పాడుతోందని అనుకుని ఉంటారు. నేను చెప్పదలుచుకున్నది ఇంకో గొంతు సంగతి. అది తెలిసినవాళ్ళు నిన్న అక్కడికి రాలేదు. వాళ్ళకి కబురు కూడా వెళ్ళి ఉండదు.

ముందు ఆడగొంతు మాట చెప్పాలి. ఆయనకి పదిహేడేళ్ళప్పుడు గుడివాడలో ఒక పెళ్ళికి స్టేజీ తెర చిరిగితే కుట్టడానికి పిలిచారట. పాడవలసిన ఆవిడ రాలేదు. ఆడపెళ్ళివారు కేకలు వేస్తున్నారు. ఈయన కుడుతున్న తెర వెనకాలే నిలబడి, ఆవిడ పాడవలసిన పాట ఆవిడలాగే పాడేశాడు. ఎవరూ కనిపెట్టలేదు. అప్పటి నుంచి ఆ పాటల పార్టీకి ఆయనే అమ్మాయి. మా వైపు ఇళ్ళల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడానికి ఒప్పుకునేవారు కాదు కాబట్టి ఆయనకి తీరిక లేకుండా పోయింది. సినిమాల్లో పాడిస్తామని ఎవరో మాట ఇస్తే ఒకసారి మద్రాసు కూడా వెళ్ళాడు. ఎనిమిది రోజులకి తిరిగొచ్చి, "అక్కడ ఆడవాళ్ళ పాటలు పాడ్డానికి ఆడవాళ్ళే ఉన్నారు అల్లుడూ" అని పకపకా నవ్వాడు.

పగలంతా మిషను మీద, ముహూర్తాల రోజుల్లో బస్సు మీద. పాట ఉన్నరోజు పెరుగు ముట్టడు. బుగ్గన తాటి కలకండ ముక్క, ఒక లవంగం. మెడలో టేపు స్టేజీ మీద కూడా తీసేవాడు కాదు. "ఇది లేకపోతే ఎవరి మెడో అరువు తెచ్చుకున్నట్టుంటుంది" అనేవాడు. నేను బియ్యం కొట్టులో లెక్కలు రాస్తూ, నాకు నేనే హార్మోనియం నేర్చుకుని ఆ పార్టీలో చేరినవాణ్ణి. తప్పు వాయిస్తే ఆయన తిట్టేవాడు కాదు. "ముందు చెవి కుట్టుకో, తర్వాత వేళ్ళు" అనేవాడు.

చల్లపల్లి అవతల ఒక ఊళ్ళో జరిగిన సంగతి చెప్తాను. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు పాట వినడం చెట్టుకి కట్టిన మైకు గరాటాలోంచే గానీ పందిట్లోకి వచ్చి చూడరు. భోజనాలయ్యాక పెళ్ళికూతురి నాయనమ్మ పళ్ళెంలో రవికెల గుడ్డ, గాజులు, పసుపు కుంకాలు పెట్టుకుని పందిరి వెనక్కి వచ్చింది.

"పాటలమ్మాయి ఏదీ నాయనా?"

తబలా ఆయన నోట్లో నీళ్ళు కక్కేశాడు. మావయ్య మాత్రం చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "బస్సు టైమైందని ముందే వెళ్ళిందండీ. నేను ఆవిడ తాలూకు మనిషిని."

"చక్కగా పాడింది. పెళ్ళయిందా?"

"అయిందండీ. మొగుడు టైలరు."

"మంచివాడేనా?"

"పాడుకోనిస్తాడండీ."

"అయితే మంచివాడే" అని ఆవిడ పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టింది. ఆ గుడ్డ ఆయన తన భార్య, అంటే మా అత్తయ్య, కొలతలకి కుట్టాడు. పసుపు కుంకాలు మా అమ్మకి తెచ్చిచ్చాడు. అలాంటి పళ్ళేలు తర్వాత చాలా వచ్చాయి. "నా రవికెలన్నీ ఈయన సవతి సంపాదనే" అనేది అత్తయ్య.

ఇక రెండో గొంతు. మేము మధ్యాహ్నం మూడింటికల్లా మైకు సెట్టుతో ఊళ్ళో దిగేవాళ్ళం. కొబ్బరి చెట్టుకి రెండు గరాటాలు కట్టాలి. ఒకటి పొలాల వైపు, ఒకటి పందిరి వైపు. పొలాల మీదుగా పక్క ఊరికి పాట వినపడితే ఆ ఊరి పెళ్ళిళ్ళూ మనకే వస్తాయని మా పార్టీ ప్రొప్రయిటరు గారి ఆలోచన. అందుకని పొలాల వైపుదే ముందు కట్టించేవారు. కట్టాక మైకు సరిగ్గా ఉందో లేదో చూడాలి. ఏ పార్టీలోనైనా "హలో హలో, ఒకటి, రెండు, మూడు" అంటారు. మావయ్య అనడు. "అంకెలు చదవడానికి నేను గుమస్తానా?" అని నా వైపు చూసి, తన సొంత గొంతుతో రెండు ముక్కలు పాడేవాడు. మిషను తొక్కుతూ తనే కట్టుకున్నవి:

నీరు ఎటు పోతేనేం, గట్టు ఇక్కడే
నాటు ఎవరిదైతేనేం, మట్టి ఇక్కడే

ఆ గొంతు బొంగురుగా, లోతుగా, నూతిలోకి బిందె దిగుతున్నట్టు ఉండేది. ఆడగొంతులో ఉండే నగిషీ ఒక్కటీ ఉండదు. ఆ రెండు ముక్కలూ పాడి, "చాలు, పలుకుతోంది" అని మైకు కట్టేసేవాడు. ఆ పాట నాకెంత ఇష్టమో ఆయనకి ఒక్కసారి కూడా చెప్పలేదు. అలాంటి మాటలు నాకు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి. "మిగతాదేది మావయ్యా?" అని మాత్రం ఒకసారి అడిగాను.

"మైకు బాగుందని తెలిశాక ఇంకా పాడ్డం దేనికి?" అన్నాడు. టేపు చుట్టుకుంటూ, "ఈ గొంతుతో ఒక్క పాట జనం ముందు పాడితే బావుణ్ణు అల్లుడూ" అన్నాడు.

పాటల పట్టీ రాసేది నేనే. గుడివాడ కచేరీలో ధైర్యం చేసి చివర ఒక మగపాట ఆయనకి రాశాను. రెండో చరణం దాకా కూడా సాగలేదు. ముందు వరసలోంచి ఎవరో, "టైలరు గారూ, ఆ గొంతు ఇంట్లో పెట్టుకోండి, మాకు అమ్మాయిని పంపండి" అన్నారు. పందిరంతా నవ్వింది. మావయ్య కూడా నవ్వి, ఊపిరి తిప్పుకోకుండా ఆడగొంతు అందుకున్నాడు. చప్పట్లు మోగిపోయాయి. తిరుగు బస్సులో, "కొలత తీసుకోకుండా కత్తెరేశాం అల్లుడూ" అని మాత్రం అన్నాడు. మళ్ళీ ఆ కోరిక ఎత్తలేదు. మైకు సరిచూసే వేళ ఆ రెండు ముక్కలు మాత్రం మానలేదు.

యాభై దాటాక ఆ ఆడగొంతు పై స్థాయిలో దారం తెగినట్టు తెగుతూ వచ్చింది. ఈ వేసవిలో మా పార్టీలోకి పెడన నుంచి ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి కలంకారీ అచ్చులు వేస్తాడు. చర్చిలో పాడి పాడి తీర్చిన గొంతు. తోడుగా వాళ్ళమ్మ వస్తుంది. ప్రొప్రయిటరు గారు నన్ను పక్కకి పిలిచి, "గుమస్తా గారూ, టైలరు గారికి మీరే చెప్పాలండీ. మీరైతే మెత్తగా చెప్తారు" అన్నారు. నేను మెత్తగా చెప్పేవాణ్ణి కాను, అసలు చెప్పలేనివాణ్ణి. కొట్టు ముందు బల్ల మీద అరగంట కూర్చున్నాను. మావయ్య కాజా కుడుతూ తలెత్తకుండానే అడిగాడు.

"చెప్పడానికొచ్చావా, చొక్కాకి కొలతలివ్వడానికొచ్చావా?"

నేను బల్ల మీద పడ్డ దారపు ముక్కలు ఏరుతున్నాను.

"అమ్మాయి పాట అమ్మాయే పాడాలి కదరా. నాకూ ఒక బరువు దిగింది. రేపు పంపించు, మైకు ముందు నిలబడ్డం నేర్పిస్తాను."

నేర్పించాడు కూడా. మెడలోని టేపు తీసి నోటికీ మైకుకీ మధ్య ఆరంగుళాలు కొలిచి చూపించాడు. ఊపిరి ఎక్కడ మింగాలో, దగ్గు వస్తే ఏ అక్షరం మీద దాచుకోవాలో చెప్పాడు. వారం అయ్యాక, "ఇక నేను రాను అల్లుడూ" అన్నాడు. పాటలు లేకపోయినా మైకు సరిచూడ్డానికైనా రమ్మన్నాను. "పాడేవాడు కానివాడు మైకు ముట్టుకోకూడదు" అన్నాడు. కొట్టులో కూనిరాగం కూడా వినపడ్డం మానేసింది. "మిషను ఒక్కటే మాట్లాడుతోంది ఇంట్లో" అంది అత్తయ్య.

శ్రావణంలో అవనిగడ్డ దాటి ఒక ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. పోయినేటి ఉప్పెన తర్వాత ఆ చేలల్లో ఉప్పు కడిగి వేస్తున్న మొదటి నాట్లు. గరాటా కట్టాక మైకు ముందుకి నేను వెళ్ళి, "హలో, ఒకటి, రెండు, మూడు" అన్నాను. చేలోంచి ఇద్దరు ఆడవాళ్ళు, మోకాళ్ళదాకా బురదతో, గట్టు మీదుగా పందిరి వెనక్కి వచ్చారు. పెద్దామె అడిగింది.

"ఆయన రాలేదా బాబూ?"

"ఎవరమ్మా?"

"పొద్దుండగా పెట్టెలో పాడతాడే, మగాయన. నీరు ఎటు పోతేనేం అని."

నేను తేరుకునేలోపే, "ఉన్నాడా అసలు?" అని అడిగింది. ఉప్పెన తర్వాత ఆ వైపు ఎవరు కనపడకపోయినా మొదట అడిగే మాట అదే.

"ఉన్నాడమ్మా. బందర్లో ఉన్నాడు."

"ఉంటే పాడమనండి మరి. రాత్రి పాటలకి మాకు పిలుపు లేదు, పిలిచినా మేం వచ్చేసరికి నిద్దరే. మా పాట ఆ పగటేళ పాటే. ఎన్నేళ్ళ బట్టో వింటన్నాం, ఎప్పుడూ రెండు ముక్కలు పాడి ఆపేత్తాడు."

రెండో ఆమె నవ్వింది. "మిగతాది ఎప్పుడు పాడతాడో అడిగామని చెప్పండి. వచ్చే లక్ష్మివారం పక్కూళ్ళో పెళ్ళుందిగా, మేవూ ఆ పక్క చేలోనే ఉంటాం."

మర్నాడు కొట్టుకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. జీవితంలో ఒక్క గుక్కలో అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. మావయ్య మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపాడు.

"నన్ను ఓదార్చడానికి చెప్తున్నావేమో అనుకుందామంటే, నీకు అబద్ధం చెప్పడం రాదు. అందుకే భయమేస్తోంది."

"భయమెందుకు?"

"మిగతాది అడిగారన్నావు. మిగతాది ఎక్కడుందిరా? నేను కట్టలేదు. ఎవరూ వినడం లేదనుకున్నాను."

ఆ వారం రోజులూ ఆయన పడ్డ అవస్థ నేను చూశాను. ముగ్గుపిండి రాయితో గోడ మీద ఒక ముక్క రాయడం, చెరపడం. "ఇన్నేళ్ళు విన్నవాళ్ళకి ఏదో ఒకటి అతికించి ఇవ్వకూడదు" అనేవాడు. ఎవరి చొక్కాకో రెండూ కుడిచేతులే కుట్టాడు. అత్తయ్య అది పైకెత్తి చూపించి, "చరణం వచ్చేదాకా ఊళ్ళో మగవాళ్ళకి ఎడమ చెయ్యి లేదు" అంది. దగ్గు ఎక్కువైంది. వద్దంటే వినేలా లేడు. వెళ్ళకపోతే మిగిలేది ఏమీ లేదన్నట్టు ఉన్నాడు.

లక్ష్మివారం మధ్యాహ్నం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. చల్లపల్లి దాటాక అడిగాను, "ఏమైనా కుదిరిందా?"

"లేదు. ఉన్నది పాడి, లేనిదానికి క్షమించమంటాను."

ముందు సీట్లోంచి అమ్మాయి వెనక్కి తిరిగింది. "మాస్టారూ, రెండు ముక్కలయ్యాక నేను ఆలాపన అందుకోనా అండీ? పాట తెగినట్టుండదు."

"వద్దమ్మా" అన్నాడు. "వాళ్ళు నన్నడిగారు."

మేము దిగేసరికి మూడు కావస్తోంది. వాన వచ్చి వెలిసి, ఎండ నీళ్ళ మీద పడి కళ్ళలో గుచ్చుకుంటోంది. పొలాల వైపు గరాటా కట్టారు. చేలో ముప్పై మంది దాకా ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతున్నారు. మావయ్య స్టేజీ మీదకి వెళ్ళకుండా మైకు స్టాండు పందిరి వెనక్కి, చేను కనపడేచోటికి తెప్పించుకున్నాడు. నేను హార్మోనియం ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుని శ్రుతి పట్టాను. మూడుసార్లు దగ్గి పాడాడు.

నీరు ఎటు పోతేనేం, గట్టు ఇక్కడే
నాటు ఎవరిదైతేనేం, మట్టి ఇక్కడే

వరసలో ఒక నడుము లేచింది. తర్వాత ఇంకొకటి. మావయ్య ఆ రెండు ముక్కలే మళ్ళీ పాడాడు. మూడోసారీ పాడాడు. అప్పటికి అందరూ లేచి ఇటు తిరిగి నిలబడ్డారు. ఇక మిగతాది రావాలి. మావయ్య నోరు తెరిచాడు. గరాటాలో గాలి బుస తప్ప ఏమీ లేదు. నేను శ్రుతి ఆపలేదు. "అమ్మా..." అని మైకులో మొదలుపెట్టాడు, క్షమించమనడానికే.

ఆ మాట పూర్తి కానివ్వకుండా చేలోంచి పాట వచ్చింది. మొదట ఆ పెద్దామె ఒక్కతే, వెంటనే వరసంతా, అదే బాణీలో:

సగం పాట పాడినోడు సంతకెళ్ళెనా
మిగతా సగం గట్టు మీద మరిచిపోయెనా

పొద్దు ఎటు పోతేనేం, నడుం ఇక్కడే
పిలుపు ఎవరికైతేనేం, పాట ఇక్కడే

అవి అప్పటికప్పుడు కట్టిన మాటలు కావు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో ముప్పై గొంతులకీ తెలుసు. ఎన్ని నాట్లు వేశారో ఆ పాట మీద. ఒక చరణం అయ్యాక ఇంకొకటి అందుకున్నారు, అందులో కోతలు ఉన్నాయి, ఉప్పెనలో కొట్టుకుపోయిన ఒక పిల్ల పేరు ఉంది, ఆ తర్వాత మళ్ళీ నవ్వులాట. ప్రతి చరణం చివరా ఆయన రెండు ముక్కల దగ్గరికే వచ్చి, అక్కడ ఆగి, ఇటు చూస్తున్నారు. ఆయన అందుకోవాలని.

మావయ్య అందుకున్నాడు. రెండోసారి అందుకునేటప్పటికి దగ్గు వచ్చింది, ఒక అక్షరం మీద దాచుకుని పాడాడు. అమ్మాయీ వాళ్ళమ్మా వచ్చి నా వెనకాల నిలబడ్డారు. అమ్మాయి పాడలేదు.

ఇంకో చరణం మొదలవగానే మావయ్య మైకు స్టాండు రెండు చేతులా ఎత్తి, మొహం దగ్గర్నుంచి తీసి, చేను వైపు తిప్పి పెట్టాడు. అంత దూరం దానికి అందదని ఆయనకి తెలుసు. పక్కకి తప్పుకుని, వాళ్ళకి అడ్డం రాకుండా, వింటూ నిలబడ్డాడు. వాళ్ళు చప్పట్లు కొట్టలేదు. అందరి చేతుల్లోనూ నారుకట్టలు ఉన్నాయి, వాటి మొదళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. పందిట్లోంచి ప్రొప్రయిటరు గారు ఏదో అడుగుతూ చెయ్యి ఊపుతున్నారు. పందిరి వైపు గరాటా ఇంకా కట్టనేలేదు.